కుండకు పదకొండు మిల్లీవాట్లు: మిర్యాలగూడ రైస్‌మిల్లు నీళ్లతో ఒక యాసంగి

ముందు ఫలితం చెప్పేస్తాను. ఓపిక ఉన్నవాళ్లు మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఇరవై మట్టికుండలకు రోజుకు 50 లీటర్ల ఉప్పుడు బియ్యం మిల్లు నీళ్లు పట్టించాం. నీళ్లలో మురికి ఎంతుందో చెప్పే కొలత సీఓడీ (ఆ మురికిని కరిగించడానికి కావలసిన ఆక్సిజన్ లెక్క), అది లీటరుకు 3,000 మిల్లీగ్రాముల నుంచి 600కి దిగింది. ఇరవై కుండలూ కలిసి ఇచ్చిన కరెంటు 0.22 వాట్లు. ఒక మామూలు ఫోను పూర్తిగా ఛార్జి కావాలంటే మూడు రోజులు ఆగాలి. ఈ అంకె చెప్పినప్పుడు మిల్లు సేటు నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది.

అయినా సీజను అయిపోయాక సామాను సర్దుకుంటుంటే ఆరు కుండల్ని మాత్రం ఆయన కదలనివ్వలేదు. అవి ఇప్పటికీ మిల్లు కాలువ చివర ఉన్నాయి. ఎందుకున్నాయో చెప్పడానికే ఈ రాత.

సేటు అడిగిన ప్రశ్న

మిర్యాలగూడ చుట్టూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు, ఆ నీళ్ల వెంట వరి, వరి వెంట మిల్లులు. నేను చూసిన మిల్లు రోజుకు 40 టన్నుల వడ్లు ఉడకబెడుతుంది. వడ్లను వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత మర పడతారు. పొట్టులో ఉండగానే గింజ ఉడికి గట్టిపడుతుంది కాబట్టి నూక తక్కువ పడుతుంది. మిగిలేది నానబెట్టిన నీళ్లు, కిలో వడ్లకు సుమారు ఒక లీటరు. చూడ్డానికి పలచటి డికాషన్‌లా ఉంటాయి. వాటిలో చక్కెరలు, పిండి, పొట్టులోంచి దిగిన ఫినాల్ రకం రంగులు ఉంటాయి. ట్యాంకులోంచి వదిలిన గంటలో వాసనే ఉండదు. మర్నాటికి కుడితి వాసన. మూడోనాటికి పక్క పొలం రైతు గేటు దగ్గరికి వచ్చేస్తాడు.

ఇక్కడా అదే జరిగింది. రైతు ఫిర్యాదు మీద నన్ను పిలిచారు. నా పని చిన్న మిల్లులకు, హాస్టళ్లకు మురుగునీటి ప్లాంట్లు వేయడం. మామూలుగా అయితే ఒక ట్యాంకు కట్టి, బ్లోయర్ పెట్టి, గాలి కొట్టించి బిల్లు రాసి వచ్చేవాణ్ణి. సేటుకు బ్లోయర్ మాట వినగానే కరెంటు బిల్లు గుర్తొచ్చింది. ఫోనులో ఏదో వీడియో చూపించాడు. నీటిని శుభ్రం చేస్తూనే కరెంటు పుట్టించే పదార్థమట.

"ఏం సారూ, మన మురుగుతోటి మిల్లు నడుస్తదా?"

"మిల్లు నడవదు సేటూ. ఒక బల్బు వెలిగితే గొప్ప."

"వెలిగితే సూద్దాం పట్టు. కుండలే గద, పోయేదేముంది."

ఖర్చు ఆయనది, తలనొప్పి నాది అన్న ఒప్పందంతో మొదలైంది.

ఆ 'పదార్థం' ఏమిటి

వీడియోలు చూసి చాలామంది ఏదో మహత్తు ఉన్న పలక నీళ్లలో వేస్తే కరెంటు వస్తుందనుకుంటారు. నీళ్లలో శక్తి లేదు, నీళ్లలోని మురికిలో ఉంది. మురికి అంటే ఎవరో తినగా మిగిలిన తిండి. సూక్ష్మజీవులు దాన్ని తిన్నప్పుడు ఎలక్ట్రాన్లు బయటపడతాయి, వాటిని ఎక్కడో ఒకచోట దింపుకోవాలి. మనం ఆక్సిజన్ మీద దింపుతాం, దాన్నే ఊపిరి అంటాం. గాలి తగలని బురదలో బతికే జియోబాక్టర్ లాంటివి ఇనుప తుప్పు మీద దింపుతాయి. ఒక రకంగా అవి తుప్పుతో ఊపిరి తీస్తాయి. తుప్పు బదులు మనం బొగ్గు ఫెల్టు (కార్బన్ నారతో చేసిన కంబళి లాంటి గుడ్డ) ముక్క పెడితే, ఎలక్ట్రాన్లు దానిమీద దిగి తీగలోకి వస్తాయి. తీగ రెండో కొస గాలి తగిలే చోట ఉంటుంది. అక్కడ ఎలక్ట్రాన్లు, ఆక్సిజన్, మధ్య గోడలోంచి చెమ్మతోపాటు దాటివచ్చిన హైడ్రోజన్ అయాన్లు కలిసి మళ్లీ నీరవుతాయి. మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్ అన్నా, సూక్ష్మజీవుల బ్యాటరీ అన్నా ఇంతే.

ఇది కొత్త సంగతి కాదు. ఇంగ్లండ్‌లోని డరహమ్ విశ్వవిద్యాలయంలో ఎం.సి. పాటర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1911లోనే ఈస్టు నుంచీ బ్యాక్టీరియా నుంచీ కరెంటు తీసి చూపించాడు. చాలాకాలం అడ్డుపడింది ఖర్చు. మధ్య గోడగా నఫియాన్ అనే పొర వాడేవారు, గాలి వైపు ఎలక్ట్రోడు మీద ప్లాటినం పూసేవారు. ఈ రెండూ పెడితే మురుగు బ్యాటరీ కాస్తా బంగారు బ్యాటరీ అవుతుంది.

నాకు దారి చూపింది ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఘంగ్రేకర్ బృందం 2010లో ప్రచురించిన పని. వాళ్లు తీసుకున్నది కూడా రైస్‌మిల్లు నీళ్లే. ఒక సెల్లులో నఫియాన్ పొర, ఇంకోదానిలో మట్టికుండ గోడ పెట్టి పోల్చారు. కుండ గెలిచింది, అదీ కొద్దిపాటి తేడాతో కాదు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ బృందం 2015లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో మూత్రంతో టాయిలెట్ దీపాలు వెలిగించింది. వాళ్ల సెల్లుల్లో కూడా మట్టి గొట్టాలే. అంటే మాకు కావలసిన 'అధునాతన పదార్థం' మిర్యాలగూడకు పది కిలోమీటర్ల దూరంలో ఒక కుమ్మరి ఆవంలో కాలుతూ ఉంది.

కుమ్మరి దగ్గర నేర్చుకున్నది

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ రోజులు గడిపింది ఆ కుమ్మరి వాకిట్లోనే. చెప్పుకోవలసింది కూడా ఇక్కడే ఎక్కువ.

గోడ చెయ్యాల్సిన పని విచిత్రమైంది. నీళ్లు కారకూడదు, అయాన్లు మాత్రం దాటాలి. గాలి లోపలికి చొరబడకూడదు, చెమ్మ మాత్రం బయటికి రావాలి. నేను ఇదంతా వివరిస్తే ఆ పెద్దాయన సగంలోనే ఆపాడు. "నీళ్లకుండ గావాలె అంటున్నవ్ సారూ. కూరకుండ గాదు." నిజమే, అంతే. వంటకుండకు నున్నగా మెరుగు పెట్టి గట్టిగా కాలుస్తారు, నీళ్లకుండను చెమట పట్టేలా వదిలేస్తారు. నాలుగు వాక్యాల ఇంజినీరింగు ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

మొదటి దఫా ఎర్రమట్టి, ఇసుక కలిపి చేసినవి. చుక్క కారలేదు, కానీ లోపలి నిరోధం చాలా ఎక్కువ, కరెంటు పేరుకే వచ్చింది. మాంట్‌మొరిల్లనైట్ అనే బంకమన్ను కలిపితే గోడలో అయాన్లు తేలిగ్గా దాటుతాయని ఖరగ్‌పూర్ వాళ్ల తర్వాతి పనుల్లో ఉంది. ఆ ఖనిజం కొనే పని లేదు, మన నల్లరేగడిలో ఉండేది ఆ జాతి బంకమన్నే. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చేది దానివల్లే. మూడో వంతు రేగడి కలపమని అడిగాను. "పగుల్తది సారూ" అన్నాడు. కలపమన్నాను. పన్నెండు కుండల్లో తొమ్మిది నీడలో ఆరుతుండగానే పగిలాయి. ఆయన ఏమీ అనలేదు, పగిలిన వాటి డబ్బు మాత్రం లెక్కపెట్టి తీసుకున్నాడు. చివరికి ఆయన చేతికి తోచినంత, అంటే సుమారు ఆరో వంతు రేగడి, మిగతా ఎర్రమట్టి, కొంచెం మెత్తటి ఊక బూడిద. గోడ మందం ఐదారు మిల్లీమీటర్లు. కుండకు ఐదు లీటర్ల నీళ్లు. ఇరవై రెండు కుండలు తెచ్చాం.

లోపల బొగ్గు ఫెల్టు చుట్ట. బయట కుండ బొజ్జ చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ, దానిమీద యాక్టివేటెడ్ కార్బన్ పొడిని బంక కలిపి పూసిన పూత. ప్లాటినం లేదు. గుండ్రటి బొజ్జ మీద చదునైన జాలీ సరిగ్గా కూర్చోదన్న సంగతి నాకు తట్టలేదు. కుమ్మరికి తట్టిందట, అడగలేదు కాబట్టి చెప్పలేదు. సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి సరిపెట్టుకున్నాం.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. రెండు కుండల్లో ఫెల్టుకు రాగితీగ కట్టారు, నేను చూసుకోలేదు. పది రోజుల్లో తీగ పచ్చబడింది, ఆ కుండలు చచ్చిపోయాయి. రాగి సూక్ష్మజీవులకు విషం. నీళ్లలో మునిగే భాగమంతా స్టీలు తీగో టైటానియం తీగో ఉండాలి, రాగి మూతకు పైనే ఆగిపోవాలి. ఆ రెండు కుండలనూ కడిగి, ఫెల్టు మార్చి మళ్లీ మొదలుపెట్టాం.

పులుపు, సున్నం, తెల్ల పెచ్చు

ఏప్రిల్ ఆఖరులో యాసంగి వడ్లు మిల్లుకు రావడం మొదలైంది. పక్క ఊళ్లో గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి తెచ్చిన పేడనీళ్లు కుండకు లీటరు చొప్పున పోసి, పైన మిల్లు నీళ్లు నింపాం. నానబెట్టిన ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి కాబట్టి ముందు ఒక తొట్టిలో ఒక రాత్రి చల్లార్చాం. అక్కడే పిండి కూడా కొంత అడుక్కి దిగుతుంది. తొట్టి నుంచి కుండలకు చుక్కచుక్కగా నీళ్లు అందించడానికి మందుల షాపులో సెలైన్ సెట్లు కొన్నాం. చిన్న చక్రం తిప్పితే చుక్కల లెక్క మారుతుంది, దీనికంటే చవకైన వాల్వు నాకు దొరకలేదు. వారానికోసారి పిండితో పూడుకుపోతాయి, వేడినీళ్లతో కడగాలి.

మొదటి రెండు వారాలు మీటరు మీద ఏమీ లేదు. మూడో వారంలో ఒక్కో కుండా లేచింది. తీగ విప్పి కొలిస్తే 0.65 వోల్టులు, ఎనిమిది ఓమ్‌ల లోడు పెడితే 0.3. ఈ రసాయనానికి సిద్ధాంతపు హద్దు 1.1 వోల్టు. ఎంత కష్టపడినా బయటి ప్రపంచంలో అందులో మూడో వంతుతో సర్దుకోవాలి.

నెల తిరక్కుండానే కరెంటు సగానికి పడిపోయింది. చల్లార్చే తొట్టిలోనే చక్కెరలు పులిసి నీళ్లు పీహెచ్ 4.5కి దిగుతున్నాయి. మా సూక్ష్మజీవులకు ఆ పులుపు పడదు. అందరూ చేసే పనే నేనూ చేశాను, తొట్టిలో సున్నం వేశాను. పీహెచ్ ఏడుకు వచ్చింది, కరెంటు మూడు రోజులు పెరిగింది, తర్వాత ఇంకా పడింది. ఈసారి కుండల బయట జాలీ మీద తెల్లటి పెచ్చు. గోరుతో గీకితే రాలుతుంది, నిమ్మకాయ పిండితే పొంగుతుంది. కాల్షియం కార్బనేట్.

ఇది ఎలా జరిగిందంటే, గాలి వైపు ఎలక్ట్రోడు దగ్గర హైడ్రోజన్ అయాన్లు ఖర్చయిపోతుంటాయి కాబట్టి అక్కడ నీరు క్షారంగా మారుతుంది. క్షారంలో కాల్షియం కరిగి ఉండలేదు, పేరుకుపోతుంది. మిల్లు వాడేది బోరు నీళ్లు, అసలే ఉప్పు నీళ్లు. దానికి తోడు సున్నంతో నేనే కాల్షియం తినిపించాను. ఇంకా పైన నీళ్లకుండ స్వభావం ఒకటి. చెమ్మ గోడలోంచి వచ్చి ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది. మే నెలలో కుండకు రోజుకు పావు లీటరు పైన ఇలా ఎగిరిపోయింది.

ఆ ఆవిరే మమ్మల్ని కాపాడింది కూడా. షెడ్డు బయట 43 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం కుండలో థర్మామీటరు 31 చూపించింది. ఈ జీవులకు 30 నుంచి 35 డిగ్రీలు సుఖం. అదే ప్లాస్టిక్ డబ్బాలతో చేసి ఉంటే మే నెల దాటేవాళ్లం కాదు. కుండలో నీళ్లు చల్లగా ఉంటాయని తెలియని తెలుగువాడు ఉండడు, నా డిజైన్ లెక్కలో మాత్రం ఆ సంగతి లేదు.

సున్నం మానేసి వంటసోడా వాడాం. పని చేసింది, కానీ ఆ లెక్కన మిల్లు మొత్తానికి సోడా కొంటే సేటు నన్ను నానబెట్టి ఉడకబెడతాడు. చివరికి దొరికిన ఉపాయం ఖర్చు లేనిది. కుండల్లోంచి బయటికొచ్చిన నీళ్లలో పులుపు పోయి బైకార్బనేట్ మిగిలి ఉంటుంది. ఆ నీళ్లను రోజూ పొద్దున మూడు నాలుగు బకెట్లు పై తొట్టిలో తిరిగి పోయించాం, కొత్త నీళ్లు ఎంతో పాత నీళ్లు అంతే. మజ్జిగలో నీళ్లు కలిపినట్టు పులుపు విరిగింది. పీహెచ్ ఆరున్నర దగ్గర నిలిచింది. పెచ్చు పూర్తిగా ఆగలేదు గానీ పదిహేను రోజులకోసారి పలచటి ఆమ్లంతో తుడిస్తే సరిపోయేంతకు తగ్గింది. మొదట్లో నేను చెప్పిన ఫలితం అంకెలన్నీ ఈ మార్పు తర్వాతి ఐదు వారాలవి.

వరసగా కడితే తిరగబడ్డాయి

సేటు కోరిక బల్బు. కుండకు 0.3 వోల్టులు, ఎల్‌ఈడీకి మూడు వోల్టులు కావాలి. పది కుండలు వరసగా, టార్చిలైటులో సెల్లుల్లా కడితే సరి అని ఎవరికైనా అనిపిస్తుంది. కట్టాం. ఎల్‌ఈడీ వెలిగింది. సేటు కొడుకు వీడియో తీసుకున్నాడు. ఒక పూట వెలిగి ఆరిపోయింది.

ఒక్కో కుండనూ కొలుచుకుంటూ పోతే ఏడోది మైనస్ 0.4 చూపించింది. మీటరు తీగలు తారుమారు పెట్టానేమోనని రెండుసార్లు చూసుకున్నాను. సంగతేమిటంటే ఆ కుండకు వచ్చే సెలైన్ పైపు పూడుకుపోయింది, లోపలి జీవులకు తిండి లేదు. వరసలో మాత్రం మిగతా తొమ్మిది కుండల కరెంటు దాని గుండా పోవాల్సిందే. తనకు శక్తి లేకపోయినా పక్కవాళ్లు తోస్తుంటే దాని వోల్టేజి తిరగబడింది. పల్లకి మోసేవాళ్లలో ఒకడు కూలబడితే మిగతావాళ్లు వాణ్ణి కూడా మోసినట్టు. అలా కొన్ని గంటలు ఉంటే ఎలక్ట్రోడు మీది జీవులపొర పాడవుతుంది. మామూలు బ్యాటరీల్లో సెల్లులన్నీ ఒక అచ్చులో పోసినట్టుంటాయి కాబట్టి వరస కుదురుతుంది. ప్రాణమున్న సెల్లులు ఏ రెండూ ఒకలా ఉండవు.

తర్వాత అన్ని కుండలనూ పక్కపక్కన (పారలల్‌లో) కలిపి, తక్కువ వోల్టేజిని పెంచే చిన్న బూస్టర్ బోర్డు పెట్టాం. అది తినేది అది తిన్నాక మిగిలింది ఇంకా తక్కువ. ఎల్‌ఈడీ మాత్రం ఆరలేదు.

లెక్క

ఇక్కడ నెమ్మదిగా చదవండి. ఈ రంగంలో జరిగే అతిశయోక్తి అంతా ఈ లెక్క వేయకపోవడం వల్లే.

మా కుండలు రోజుకు తీసేసిన సీఓడీ 120 గ్రాములు. గ్రాము సీఓడీ అంటే ఎలక్ట్రాన్లలో 3.35 ఆంపియర్-గంటలు. అన్నీ తీగలోకి వస్తే రోజుకు 400 రావాలి. మాకొచ్చింది కుండకు సగటున 37 మిల్లీఆంపియర్ల చొప్పున మొత్తం 18 ఆంపియర్-గంటలు. నూటికి నాలుగున్నర. మిగతా తొంభై అయిదున్నర ఏమైనట్టు? కొంత మీథేన్ వాయువుగా పోయింది, అదే నీళ్లలో మీథేన్ చేసే జీవులు మా వాటికి పోటీ. కొంత బురదగా అడుగున చేరింది. కొంత, గోడలోంచి దొంగతనంగా దూరిన ఆక్సిజన్‌తో మామూలుగానే కలిసిపోయింది.

ఇంకోవైపు నుంచి చూద్దాం. కిలో సీఓడీలో దాగి ఉన్న రసాయన శక్తి సుమారు నాలుగు యూనిట్లు. 120 గ్రాముల్లో 490 వాట్-గంటలు. మేం తీగలో చూసింది ఐదుంబావు వాట్-గంటలు, అంటే నూటికి ఒకటి. కుండకు పదకొండు మిల్లీవాట్లు.

మిల్లు మొత్తం నీళ్లకు, రోజుకు 40 వేల లీటర్లకు, ఇదే పద్ధతిలో పెంచితే పదహారు వేల కుండలు కావాలి. అవి ఇచ్చే కరెంటు 176 వాట్లు. రెండు సీలింగ్ ఫ్యాన్లు. పదహారు వేల కుండలు పెట్టడానికి పెద్ద షెడ్డు కట్టి, అందులో రెండు ఫ్యాన్లు తిప్పుకోవచ్చు.

ఈ లెక్కంతా విని సేటు నవ్వాడని మొదట చెప్పాను. నవ్వాక నేను అడిగాను: ఇదే 120 గ్రాములు బ్లోయర్‌తో తీస్తే ఎంత కరెంటు తినేది? చిన్న ప్లాంట్లలో మేం కిలో సీఓడీకి ఒక యూనిట్ వేసుకుంటాం. అంటే 120 వాట్-గంటలు. కుండలు ఇచ్చింది ఐదుంబావు. తినకుండా వదిలేసింది 120. పుట్టిన కరెంటుకు ఇరవై రెట్ల పైన, ఖర్చుకాని కరెంటు. సేటు లెక్కల మనిషి, నవ్వు ఆపాడు.

ఇంతవరకు బాగుంది గానీ, గాలి కొట్టకుండా నీళ్లు శుద్ధి చేసే పని మామూలు వాయురహిత ట్యాంకు కూడా చేస్తుంది కదా, కుండలెందుకు? ఈ ప్రశ్న నన్నూ తొలిచింది. అందుకే మొదటినుంచీ రెండు కుండలకు ఫెల్టు, జాలీ అన్నీ పెట్టి, తీగ మాత్రం కలపకుండా వదిలాం. వాటిలో సీఓడీ 3,000 నుంచి 900కి దిగింది. తీగ కలిపినవాటిలో 600. అంటే శుద్ధిలో పెద్ద భాగం కరెంటుతో సంబంధం లేని జీవులే చేశాయి. తీగ కలపడం వల్ల దక్కింది ఆ చివరి 300. అందులో కూడా మూడో వంతే కరెంటుగా కనిపిస్తుంది. మిగతా రెండొంతులు ఆమ్లాలు పేరుకోకుండా తీగ లాగేస్తుండటం వల్ల తక్కినవాళ్ల పనీ సాఫీగా సాగి వచ్చిందని నా అనుమానం. పోలికకు రెండే కుండలు కాబట్టి దీన్ని గట్టిగా రుజువనలేను. తీగలేని కుండల మూత తీస్తే కోడిగుడ్డు కుళ్లిన వాసన, తీగ ఉన్నవాటిలో చాలా తక్కువ. దీనికి మీటరు అక్కర్లేదు, నీళ్లు మోసిన ఇద్దరు ఆడకూలీలూ ఏ కుండకు తీగ లేదో మూత తీసి చెప్పేవారు.

వరస మార్చాం

600 సీఓడీ నీళ్లను కాలువలో వదలడానికి వీల్లేదు. చెరువులు, వాగుల్లోకి వదిలే నీటికి దేశంలో సాధారణ ప్రమాణం సీఓడీ 250, బీఓడీ (సూక్ష్మజీవులు తినగలిగిన మురికి కొలత) 30. కాబట్టి జులైలో పద్ధతి తిరగేశాం. పెద్ద భారం మామూలు అడ్డుగోడల వాయురహిత తొట్టికి అప్పగించి, దాన్నుంచి వచ్చిన 600 నీళ్లను కుండలకు ఇచ్చాం. ఈసారి రోజుకు వంద లీటర్లు. కుండల్లోంచి 180తో బయటికి వచ్చాయి. కరెంటు కుండకు 20 మిల్లీఆంపియర్లకు తగ్గింది, తిండి తగ్గింది కాబట్టి. కానీ తిన్నదాంట్లో తీగలోకి వచ్చిన వాటా నాలుగున్నర నుంచి దాదాపు ఏడు శాతానికి పెరిగింది. చక్కెరలన్నీ ముందు తొట్టిలోనే ఖర్చయి, మా జీవులకు ఇష్టమైన ఎసిటేట్ లాంటివి మిగలడం కారణం కావచ్చు. ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ఈ వరసే చెబుతాను, ముందు తొట్టి, వెనక కుండ.

వాయురహిత తొట్టిలో మీథేన్ వస్తుంది, అందులో మా కుండల కరెంటుకు ఎన్నో రెట్లు శక్తి ఉంటుంది. అయితే రైస్‌మిల్లుకు వేడి కొరత లేదు, బాయిలర్ ఊకతో నడుస్తుంది, ఊక ఇంకా మిగిలి అమ్ముకుంటారు. గ్యాసు పట్టి బాయిలర్‌కు పంపే ఖర్చు ఈ సైజు మిల్లులో తిరిగిరాదని సేటు అన్నాడు. నేను వాదించాను, ఒప్పించలేకపోయాను. మీథేన్‌ను గాలిలోకి వదలడం తప్పు, కనీసం మంట పెట్టాలి. ఇది ఇంకా తెగని పేచీ.

బీరు కంపెనీ నీళ్లతో ఆస్ట్రేలియాలోని యాటలాలో 2007లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు మూడు మీటర్ల గొట్టాలు పన్నెండు నిలబెట్టి పెద్ద ఎత్తున చూశారు. సైజు పెరిగినా కరెంటు అదే లెక్కన పెరగలేదు. ఆ సంగతి తెలిసే మేం కుండ పెద్దది చేయడం జోలికి పోలేదు.

చూడ్డానికి వచ్చిన ఊరివాళ్లలో ఒకాయన ఈ నీళ్లు తాగొచ్చా అని అడిగాడు. నల్లగొండ జిల్లాలో ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. మా కుండలు తినేది తిండిని మాత్రమే. ఫ్లోరైడ్ తిండి కాదు, వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది. దానికి పటిక, సున్నం వేసి దింపే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు, అది వేరే శాస్త్రం. తాగొద్దని చెప్పి, గోడమీద కూడా రాయించాం.

ఆరు కుండలు

కుండ కరెంటు నీళ్లలోని తిండిని బట్టి పెరిగి తగ్గుతుంది. జులైలో నేను వారానికోసారి సాంపిళ్లు హైదరాబాద్ ల్యాబ్‌కు పంపేవాణ్ణి. బీఓడీ జవాబు రావడానికే పరీక్ష పద్ధతి ప్రకారం ఐదు రోజులు, మన దగ్గర 27 డిగ్రీల దగ్గర చేస్తే మూడు రోజులు పడుతుంది. అప్పటికి ఆ నీళ్లు వాగు దాటిపోతాయి. కుండకు తగిలించిన మీటరు ముల్లు మాత్రం కొన్ని గంటల్లో కదులుతుంది. దక్షిణ కొరియా పరిశోధకులు ఇరవై ఏళ్ల కిందటే ఈ సెల్లును బీఓడీ సెన్సరుగా వాడి చూపించారు, నాకది కాగితం మీద తెలుసు గానీ దాని విలువ తెలియలేదు.

తెలియజెప్పింది మిల్లు బాయిలర్ ఆపరేటర్. బయటికి పోయే కాలువ దగ్గర ఆరు కుండలు పెట్టి, పాత కారు అమ్మీటరు లాంటి ముల్లు మీటరు ఒకటి బిగించాం. ముల్లు ఉండాల్సిన చోట ఆయనే పచ్చ రంగు గీత గీసుకున్నాడు. ఒక రాత్రి ముల్లు ఆ గీత దాటి పైకి ఎగబాకింది. ఎవరో తొందరలో పులిసిన తొట్టిని నేరుగా కాలువలోకి వదిలేశారు. ఆయన వాల్వు మూసి, ఆ తర్వాత నాకు ఫోను చేశాడు. ఇంకోసారి ముల్లు సున్నాకు పడిపోయింది. ఈసారి చల్లార్చని వేడినీళ్లు, కుండల్లో జీవులు ఉడికిపోయాయి. మళ్లీ లేవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ముల్లు పైకి పోయినా కిందికి పోయినా ఏదో తప్పు జరిగిందనే అర్థం. పచ్చగీత మీద ఉంటేనే నిద్రపోవచ్చు.

సేటు కదలనివ్వని ఆరు కుండలు ఇవే. పక్క పొలం రైతు కూడా అప్పుడప్పుడు వచ్చి ముల్లు చూసి పోతున్నాడట.

వచ్చే యాసంగికి బొజ్జ కుండలు వద్దు, చేతిమందం గొట్టాలు చేసిపెట్టమని కుమ్మరికి చెప్పాను. జాలీ సరిగ్గా అంటుకుంటుంది, గోడ నాలుగు మిల్లీమీటర్లకు దింపొచ్చు. ఆయన సారె మీద నాలుగు నమూనాలు లాగి చూపించాడు, రెండు వంకర వచ్చాయి. గొట్టానికి రేటెంతని అడిగితే, "కుండకెంతిచ్చినవో గంతే" అన్నాడు. రేగడి ఎంత కలపాలో ఈసారి నేను చెప్పలేదు.